కత్తి వెన్ను మీది గాటు

మొన్నటి వానలకు మా కొలిమి వెనుకగోడ కూలింది. మట్టి ఎత్తిపోస్తుంటే కూలీ చేతికి ఒక రాతిగిన్నె దొరికింది. పనికిరానిదనుకొని మట్టితట్టలోనే వేయబోయాడు. తీసుకొని కడిగి చూస్తే అడుగున పచ్చగా, అంచుల్లో తుప్పురంగుగా మరక కనిపించింది. మా తాత అన్నభేది, అంటే పచ్చని ఇనుపలవణం, నీళ్ళలో కలుపుకొనే గిన్నె అది. ఆయన పోయాక ఎక్కడ పోయిందో ఎవరూ వెతకలేదు. అరుగు మీద కూర్చొని దాన్ని తిప్పి తిప్పి చూస్తున్న నాకు తాత కంటే ముందు సౌదీలోని హాయిల్ ఊరు గుర్తుకొచ్చింది. నేను అన్నభేదిని చివరిసారి వాడింది అక్కడే. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు నిండలేదు.

మాది కమ్మరిల్లు. తెల్లవారకముందే తాత లేచి, కాళ్ళు కడుక్కొని, ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద చెంబెడు నీళ్ళు పోసి పసుపుబొట్టు పెట్టేవాడు. అది అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు. తర్వాత తిత్తి ఊదడం మొదలయ్యేది. తడిసిన బొగ్గు, మేకతోలు, పదును నీళ్ళలో ముంచిన ఇనుము, పిడులకు కరిగించే లక్క, వీటన్నిటి వాసనా కలిసి మా అవ్వ వండే జొన్నరొట్టెల్లోకి కూడా వచ్చేది. సుత్తెను దాటితే తాతకు కోపం. ఏ ఇనుము తెచ్చినా ముందు గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకొనేవాడు, తర్వాత ఆకురాయితో ఒక గీత గీసేవాడు. ఆయన దగ్గర అరచేయంత పాత ఉక్కుముక్క ఒకటి ఉండేది. నున్నగా సానబట్టి, అన్నభేది నీళ్ళు రాస్తే దాని మీద నీళ్ళలో గాలి తిరిగినట్టు సన్నని అలలు లేచేవి. కోనసముద్రం వైపు ఒకప్పుడు మూసల్లో కాచిన ఉక్కు అనీ, దాన్ని కొనడానికి ఈరాన్ దేశపు వర్తకులు ఒంటెల మీద, ఓడల మీద వచ్చేవారనీ చెప్పేవాడు. "నేను పుట్టకముందే ఆ పని బందైంది బిడ్డా. మా తాత కాచేటోళ్ళను చూసిండట" అనేవాడు. ఎవరైనా పాత కత్తి తెచ్చి, ఇది ఫలానా దొరదేనా అని అడిగితే తాత ఒప్పుకొనేవాడు కాదు. "ఇనుము చెప్పినకాడికే చెప్పాలె. మీదికెల్లి మనం కలుపొద్దు."

హాయిల్‌లో నేను పనిచేసింది పాత బజారులో ఒక చిన్న దుకాణం. కత్తులకు సానపెట్టడం, పిడులు మార్చడం నా పని. ఇత్తడి కాఫీకూజాలకు కళాయి వేయడం, మాట్లు వేయడం లింబాద్రన్న పని. ఆయనది మెట్‌పల్లి దగ్గరి ఊరు. నేను వెళ్ళేనాటికే అక్కడ పద్దెనిమిదేళ్ళు గడిపిన మనిషి. మా కఫీల్‌ను, అంటే ఎవరి పేరు మీద మా కాగితాలున్నాయో ఆ సౌదీ ముసలాయనను, అందరూ అబూ మిషారి, అంటే మిషారి తండ్రి, అనేవారు. నేను బాబా అనేవాణ్ణి. బడిలో గుమస్తాగా చేసి రిటైరైనవాడు. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకొనేవాడు కాని కొత్తది కొనేవాడు కాదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చి, దుకాణం మూలన కూర్చొని, చిన్న రోట్లో ఏలకులు, కాఫీగింజలు తానే దంచేవాడు. ఆ దంచడంలో ఒక దరువు ఉండేది. హాయిల్ చలి మనవాళ్ళు నమ్మరు. పొద్దున నీళ్ళతొట్టి మీద పలుచని మంచుపెళ్ళ కట్టేది. దుకాణం మధ్యలో కట్టెలమంట, పక్కనే ఖర్జూరాల పళ్ళెం, ఆయన పోసే పసుపురంగు కాఫీ. మమ్మల్ని కింద కూర్చోమని తాను పైన కూర్చున్న రోజు నేను చూడలేదు. అరబ్బీ మాటలు నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకే ఆయన మాటలు ఇప్పుడు తలచుకుంటే నాకు తెలుగులోనే వినిపిస్తాయి.

సౌదీవాళ్ళకే పని ఇవ్వాలనే నితాఖాత్ చట్టం వచ్చింది ఆ రోజుల్లోనే. దుకాణాలకు, కంపెనీలకు రంగులు పెట్టారు. సౌదీ మనిషి పనిలో లేని దుకాణం ఎరుపు. ఎరుపులో పడ్డ చోట పనివాళ్ళ ఇఖామాలు, అంటే ఉండనిచ్చే కార్డులు, మళ్ళీ రాయరు. మాలాంటి రెండు చేతుల దుకాణాలను మొదట వదిలేసినా తర్వాత వాటికీ ఒక సౌదీ పేరు ఉండి తీరాలన్నారు. అబూ మిషారి తన పేరే రాయించుకుందామని వెళ్తే, పెన్షన్ తీసుకునేవాడివి లెక్కలోకి రావు అని పంపేశారు. ఆయనకు కొడుకులు లేరు. మిషారి అన్నవాడు చిన్నప్పుడే పోయాడు, పేరు మాత్రం తండ్రికి మిగిలింది. ఉన్నదల్లా తాతగారి అన్నకు మనవడు, తనకు అన్న వరస, అబూ తుర్కీ. ఆయనకు నలుగురు కొడుకులు. చిన్నవాణ్ణి దుకాణంలో పెట్టమని అబూ మిషారి అడిగాడు. అబూ తుర్కీ కాదనలేదు, ఔననలేదు. చూద్దాం అన్నాడు. లింబాద్రన్న రోజూ అదే లెక్కపెట్టుకొనేవాడు. ఇంటి దగ్గర ఆయన భార్యకు మూత్రపిండాలు పాడై, వారానికి రెండుసార్లు కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. "ఆ పెద్దమనిషి నోట్లకెల్లి ఒక్క మాటొస్తే మనం బతుకుతం తమ్మీ" అనేవాడు, కూజా లోపల తగరం రుద్దుతూ.

అట్లా ఆ మాట కోసం చూస్తున్న రోజుల్లోనే అబూ మిషారి ఇంట్లోని పాత బాకు ఒకటి బయటికి వచ్చింది. ఊళ్ళో పాతవస్తువుల ప్రదర్శన పెడుతున్నారు. ఇళ్ళల్లోని పాత సామాన్లు తెచ్చి, ఎక్కడిదో, ఎంత కాలానిదో రాయించమన్నారు. అబూ మిషారి తన తాత బాకు తీసుకువెళ్ళాడు. సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు కాఫీ దంచలేదు. బాకును నా ముందు పెట్టి, "రియాద్ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. చేతిలోకి కూడా తీసుకోలేదు. యమన్ పని, యాభై ఏళ్ళు కూడా ఉండవు అన్నాడు. అందరూ విన్నారు" అన్నాడు. కళ్ళజోడు సర్దుకొని, "అబూ తుర్కీ కూడా అక్కడే ఉన్నాడు" అన్నాడు.

ఆ బాకుకు అంత విలువ ఎందుకో ఆ రోజు చెప్పాడు. వాళ్ళ ఇద్దరి తాతలూ అన్నదమ్ములు. ఒక బావి దగ్గర దోపిడీగుంపు మీద పడితే ఇద్దరూ కత్తులు దూసి ఎదురు నిలబడ్డారు. అన్న, అంటే అబూ తుర్కీ తాత, భుజానికి గాయంతో ఆ సాయంత్రమే గుడారాలకు చేరాడు. తమ్ముడు, అబూ మిషారి తాత, రెండు రోజుల తర్వాత కాలినడకన వచ్చాడు. నడుముకు కత్తి లేదు. కత్తి పారేసి ఇసుకదిబ్బల్లో దాక్కున్నాడన్నారు. ఆయన ఏమీ చెప్పలేదు, చచ్చేదాకా చెప్పలేదు. కత్తి పారేసినవాడి మనవలు అన్న మాట మూడు తరాలుగా ఈ ఇంటికి అంటుకొని ఉంది. పెళ్ళి మాటల్లోనూ, మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళ కూటమిలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నప్పుడూ అది లేచి వచ్చేది. ఆ తాత కొడుక్కు వదిలిపోయింది ఈ బాకు ఒక్కటే. "ఇది ఎక్కడిదో, ఎప్పటిదో చూడు. నాకు మంచిమాట వద్దు. ఉన్నది చెప్పు" అన్నాడు ఆయన.

ఒర మీద తోలు నైలాన్ దారంతో కుట్టి ఉంది. వెండి తొడుగు యంత్రం మీద అచ్చు కొట్టింది. వ్యాపారి చూసింది వాటినే. అంతవరకు ఆయన మాట నిజమే. పిడి కొమ్ముది, దానికంటే పాతది, కాని అదీ మొదటిది కాదు. అలుగు, అంటే కోసే రేకు, మాత్రం నాకు అనుమానం తెప్పించింది. యమన్ బాకుల్లా వంకీ తిరగలేదు, కొద్దిగా వంగి ఉంది, అంతే. వెన్ను బాకుకు ఉండాల్సినదానికంటే మందం. గోటితో మీటితే, చెవి దగ్గర సన్నగా, చాలాసేపు మోగింది. పిడిని మంట మీద పెడితే పదును పోతుందని, పెనంలో ఇసుక వేడిచేసి అందులో పాతిపెట్టాను. గంటకు లోపలి లక్క మెత్తబడి అలుగు ఊడివచ్చింది. మూడు రోజులు చేతితోనే తుప్పు తీశాను. అన్నభేదిని సుగంధద్రవ్యాల అంగట్లో లింబాద్రన్న వెతికి తెచ్చాడు. వాళ్ళు దాన్ని రంగుల కోసం అమ్ముతారట.

నీళ్ళు రాసి, కడిగి, నూనెగుడ్డతో తుడిచేసరికి అలలు లేచాయి. తాత ఉక్కుముక్క మీద నేను వందసార్లు చూసిన అలలే. లింబాద్రన్న వంగి చూసి, "గిది మన తాన్నించి వచ్చిందారా?" అన్నాడు. ఏమో అన్నాను. మన వైపు కాచిన ఉక్కుగడ్డలు ఈరాన్ పోయి అక్కడ కత్తులయ్యేవి. ఇంకెక్కడో కాచిన ఉక్కు కూడా కావచ్చు. కాని ఇలాంటి ఉక్కు కాచడం మా తాత పుట్టకముందే ఆగింది. ఆ లెక్కన అలుగు నూరేళ్ళకు ఎంతో పైమాటే. అబూ మిషారి చాలాసేపు వేలితో ఆ అలల వెంట గీశాడు. "మా పాత పాటల్లో మంచి కత్తిని ముహన్నద్ అంటారు. హింద్ ఉక్కుతో చేసినది అని అర్థం. నేను మాటవరసకు అనుకునేవాణ్ణి" అన్నాడు.

అసలు సంగతి ఇంకా ఉంది. అలుగు మీద రెండు వైపులా సన్నని గాడి పారుతుంది. అది మొనకు ముందే సన్నబడి ఆగాలి. ఇక్కడ ఆగలేదు, మొనలోకి దూసుకుపోయి తెగింది. అంటే ఇది బాకుగా పుట్టలేదు. పొడుగాటి కత్తి మొదలు భాగం. ముందు భాగం పోతే మిగిలినదాన్ని ఎవరో చల్లగా ఉన్నప్పుడే ఓపికగా అరగదీసి బాకు మొన తెచ్చారు. మొనకు వేలెడు దూరంలో వెన్ను మీద లోతుగా ఒక గాటు ఉంది. ఆకురాయి గాటు కాదు, ఇంకో కత్తి దిగిన గాటు. దాని అడుగు నుంచి వెంట్రుకంత పగులు మొన వైపు పోయింది. ఎదుటి దెబ్బను అడ్డుకున్నప్పుడే వెన్ను మీద గాటు పడుతుందని కత్తి పట్టిన జాతికి చెప్పనక్కరలేదు. నేను చెప్పడం ముగించేసరికి ముసలాయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "విరిగింది" అన్నాడు.

శుక్రవారం వాళ్ళ మజ్లిస్‌లో పెద్దలంతా కూర్చుంటారు. అక్కడికి వచ్చి ఇదే చెప్పమన్నాడు. ఆ రాత్రి గదిలో లింబాద్రన్న అన్నం కలుపుకొని తినకుండా కూర్చున్నాడు. "ఆల్ల ఇంట్ల పంచాది మనకెందుకురా? ఆ తుర్కీ తండ్రికి కోపమొస్తే పిలగాణ్ణి పెడ్తడా? నీకు పెండ్లాం లేదు, పిల్లల్లేరు. నా సంగతి ఏంది?"

"ఉన్నది చెప్పమన్నడన్నా. లేంది చెప్పుమంటే వేరే."

"లేంది చెప్పకు. ఏం తెలుస్తలేదని చెప్పు. అది అబద్ధమా?"

అదీ అబద్ధమే అని నేను అనలేకపోయాను. ఆయన భార్యను నేను ఫోనులో చూశాను, వాచిన మొహంతో నవ్వుతూ, తిన్నావా తమ్మీ అని అడిగేది. పొద్దున అబూ మిషారితో దాచకుండా చెప్పాను. మేము ఎరుపులో పడతామేమో బాబా అన్నాను. ఆయన తలూపాడు. "నాకూ తెలుసు. అందుకే రాత్రి నిద్రపోలేదు. నువ్వు రాకపోయినా నిన్ను ఏమీ అనను" అన్నాడు. అలా అన్నాక నేను ఆగలేకపోయాను. వెళ్ళాను.

ఇరవైమంది దాకా ఉన్నారు. నన్ను గోడవారగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. బాకు చేతులు మారింది. నా వచ్చీరాని అరబ్బీలో ఒరతో మొదలుపెట్టి పగులు దాకా చెప్పాను. అబూ తుర్కీ పొడుగాటి మనిషి, తెల్లగడ్డం. ఒక్కసారి కూడా బాకు ముట్టుకోలేదు. "నీ ముందు అడుగుతున్నాను. ఈ కత్తి మా చిన్నతాతదేనని ఇనుము చెప్పిందా?" అని అడిగాడు.

"లేదు. ఎవరిదో చెప్పదు. బజారులో కొన్నదీ కావచ్చు" అన్నాను. అబూ మిషారి తల వంచుకున్నాడు. "ఇది పెద్ద కత్తి. దెబ్బను వెన్నుతో ఆపింది. ఆ దెబ్బకు పగిలింది. పట్టినవాడు ఆ క్షణాన పారిపోవడం లేదు. నాకు తెలిసింది అంతే."

అబూ తుర్కీ గిన్నె కింద పెట్టి, చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.

ఆ నెలలోనే దుకాణం ఎరుపులో పడింది. నా ఇఖామా గడువు ముందు అయిపోతుంది కాబట్టి ఖురూజ్, అంటే మళ్ళీ రాకుండా వెళ్ళిపోయే ముద్ర, నాకే ముందు వేయించారు. లింబాద్రన్న నాతో మాట్లాడడం మానేశాడు. కాని నా టిఫిన్ డబ్బాలో పచ్చిపులుసు పోసి పెట్టడం మానలేదు. ఆ డబ్బా తెరిచి తినడం ఆ రోజుల్లో నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది.

వారం గడిచాక ఒక పొద్దున, తలుపు తీస్తూనే అబూ తుర్కీ వచ్చాడు. చంకలో పాత ఉన్నిగుడ్డ చుట్ట. అబూ మిషారిని పిలిపించమన్నాడు. ఆయన వచ్చేదాకా నిలబడే ఉన్నాడు. వచ్చాక గుడ్డ విప్పాడు. లోపల జానెడున్నర కత్తి మొన ఉంది, తుప్పుపట్టి. ఒక పక్క తెగినట్టు కాదు, విరిగినట్టు ఉంది.

"రాజేష్, నీ నీళ్ళు రాయి" అన్నాడు. నా పేరు రాజేశం, వాళ్ళ నోట అలాగే పలికేది.

మధ్యాహ్నానికి అలలు తేలాయి. బాకు పక్కన పెట్టాను. గాడి వెడల్పు ఒకటే, వంపు ఒకటే. మధ్యలో వేలెడంత లేదు, బాకు మొన తీయడంలో అరిగిపోయిందది. ఆ వేలెడు లేదని కూడా చెప్పాను. ఇద్దరు ముసలివాళ్ళూ రెండు ముక్కల మీదా వంగి ఉన్నారు.

అబూ తుర్కీ తల ఎత్తకుండానే చెప్పాడు. "మా తాత దగ్గర ఇది ఉండేది. మా నాన్న చనిపోయే ముందు నాకు ఇచ్చాడు. ఆ రోజు మీ తాత కత్తి విరిగి, దెబ్బ తిని పడిపోయాడు. చచ్చిపోయాడనుకొని మా తాత ఈ ముక్క తీసుకొని వచ్చేశాడు. తమ్ముణ్ణి పాతిపెట్టకుండా వచ్చేశాడు. రెండు రోజులకు తమ్ముడు నడిచివచ్చేసరికి, జనం అప్పటికే ఏదో అంటున్నారు. వదిలేసి వచ్చానని మా తాత చెప్పలేకపోయాడు. పిడి వైపు ముక్కను మీ తాత బట్టల్లో దాచుకొని తెచ్చి ఉంటాడు."

"మా తాత ఎందుకు చెప్పలేదు?" అన్నాడు అబూ మిషారి.

"అన్న కదా" అన్నాడు అబూ తుర్కీ.

లింబాద్రన్న చేతిలోని కూజాను చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు. తర్వాత అబూ మిషారి లేచి, మూలకు వెళ్ళి, రోలు ముందు పెట్టుకొని కాఫీ దంచడం మొదలుపెట్టాడు. మొదటి గిన్నె అబూ తుర్కీకి ఇచ్చాడు. ఆయన తీసుకున్నాడు. రెండు ముక్కలూ అతకవచ్చా అని నన్ను అడిగారు. అతకాలంటే కొలిమిలో పెట్టాలి, ఆ వేడికి అలలు చచ్చిపోయి మామూలు ఇనుమవుతుంది అన్నాను. "వద్దు" అన్నారు ఇద్దరూ.

మర్నాడు అబూ తుర్కీ చిన్నకొడుకు పేరు దుకాణంలో రాయించారు. లింబాద్రన్న కార్డు మళ్ళీ వచ్చింది. నా ఖురూజ్ రద్దు చేయిస్తానని అబూ మిషారి తిరిగాడు కాని, నేనే వద్దన్నాను. వస్తున్నానని ఇంట్లో చెప్పేశాను, బాపు కొలిమికి కొత్త రేకులు కప్పించాడు. లింబాద్రన్న ఇంకో నాలుగేళ్ళు ఉన్నాడు. తర్వాత తల ఒక్కింటికి కట్టే పన్ను ఏటేటా పెరిగి, ఒక్క పనివాణ్ణి కూడా పెట్టుకోలేక దుకాణం మూసేశారు. ఆయన భార్య ఆ నాలుగేళ్ళూ బతికింది. ఆయన ఇల్లు చేరిన నెలకు పోయింది. ఎప్పుడైనా కలిస్తే ఆ నాలుగేళ్ళ మాటే ఎత్తుతాడు, మజ్లిస్ మాట ఎత్తడు. ఇప్పుడు నా దగ్గరికి పాత కత్తులు పెద్దగా రావు. ఫోనులో ఫోటో పంపి, ఎన్నేళ్ళదో చెప్పమంటారు. చేతిలోకి తీసుకోకుండా చెప్పలేనంటే నవ్వుతారు. వాళ్ళకు కావలసిన వయసు ముందే ఉంటుంది, నేను ఔనంటే చాలు. అప్పుడు ఆ ముసలాయన నాకు మంచిమాట వద్దన్నాడు. ఆ మాట అనగల మనిషి నాకు మళ్ళీ దొరకలేదు.

నేను వెళ్ళే రోజు ఇద్దరూ నన్ను ఎయిర్‌పోర్టుకు తీసుకువెళ్ళారు. బండి అబూ తుర్కీ నడిపాడు. ఊరు దాటాక ఒక మట్టిగోడ పక్కన ఆపాడు. లోపల పాత శ్మశానం. వాళ్ళ సమాధుల మీద పేర్లుండవు, తలవైపు ఒక రాయి, అంతే. తాతలైన ఆ అన్నదమ్ములిద్దరూ అక్కడే ఉన్నారట. ఏ రాయి ఎవరిదో వీళ్ళకు తెలియదు. నన్ను బండిలో కూర్చోమని చెప్పి ఇద్దరూ దిగారు. గాలికి అంగీల అంచులు కాళ్ళకు చుట్టుకుంటున్నాయి. అబూ మిషారికి కళ్ళు సరిగా కనిపించవు, రాళ్ళు తగులుతాయని అబూ తుర్కీ ఆయన మోచేయి పట్టుకున్నాడు. ఒక చోట నిలబడి ఏదో చదివారు. కొన్ని అడుగులు నడిచి ఇంకో చోట నిలబడ్డారు. మళ్ళీ ఇంకో చోట. విమానానికి వేళ దగ్గరపడుతోంది. నేను పిలవలేదు.